ఎస్పెరా, ఎస్పెరావా

బ్రెజిల్ కస్టమర్ల కోసం కోకాపేటలోని మా ఆఫీసులో పోర్చుగీసు నేర్పిస్తున్నారు. ఒకప్పుడు రోజూ జరిగిన పనిని చెప్పే భూతకాలంలో ఒక వాక్యం రాయమంది టీచర్. మా ఆయన రోజూ గేటు దగ్గర నాకోసం ఎదురుచూస్తాడని రాశాను.

"ఎదురుచూసేవాడు అని రావాలండీ," అంటూ ఆమె 'ఎస్పెరా'ను ఎర్రపెన్నుతో 'ఎస్పెరావా' చేసింది. ఆయన పోయి మూడు నెలలైందని ఆమెకేం తెలుసు? అయినా ఆ పెన్ను లాక్కుని విరిచేయాలనిపించింది.

బోరబండలో ఇంటికి చేరగానే, "ఇయాల ఏం నేర్పిన్రు బిడ్డా?" అని అడిగింది అత్తమ్మ.

"మన 'వస్తుండె', 'తింటుండె' అసొంటియే అత్తమ్మా."

కొడుకును తలుచుకుని ఆమె 'వస్తుండె' అనబోయి ఆగిపోయింది.

"గా మాటకు నాకింకా నోరు తిరుగుతలేదు బిడ్డా," అంది.