నల్లకారుకు మంచినీళ్లు

కమలాపురం నుంచి కడపకు పోయే దారిలో ఒక నల్లకారు వస్తుంటే పక్కకు జరిగి నిలబడినవాళ్లు మీలో ఎవరైనా ఉండొచ్చు. ఆ కారు నడిపిన పెద్దమనిషి ఇక లేరు. ఆయన మా మామ, నా పెనిమిటి తండ్రి. పోయిన నెలలో ఒక పొద్దున మజ్జిగ తాగి, గుండెల్లో మంటగా ఉందని మంచం మీద వాలారు. డాక్టరు కడప నుంచి వచ్చేలోగా అంతా అయిపోయింది. ఊరంతా శెనక్కాయల వ్యాపారి పోయాడనుకుంది. నాకు మాత్రం ఆ ఇంట్లో నా మాట చెవిన పెట్టే ఒకే ఒక్క మనిషి పోయారు.

శెనక్కాయలు విరగబండిన ఒక ఏడు, ఊరు విడిచిపోతున్న డాక్టరు దగ్గర ఆయన ఆ కారు కొన్నారు. నేను కాపురానికి వచ్చేసరికి ఆ ఇంటికి పెద్ద కోడలు అదే. కొత్త పెళ్లికూతురిని, కారు దిగుతూ తలుపు పట్టుకోబోతే మామ నాతో అన్న మొదటి మాట, "గాజులు తగలనీకమ్మా, గీత పడతాది." దీవెనలు ఆ తర్వాత. నాకు ఒళ్లు మండిపోయింది.

శనివారం పొద్దున ఎండ ఎక్కకముందే కొట్టం నీడలో కారు కడిగేవారు. ముందు వేలి ఉంగరం తీసి గూట్లో పెట్టి, గుండీల చొక్కా విప్పేవారు. చెంబుతో పైకప్పు మీద నుంచి నీళ్లు వదిలి, దుమ్ము దానంతట అదే జారిపోయేదాకా గుడ్డ ముట్టేవారు కాదు. గుడ్డంటే కాలం చేసిన మా అత్త పాత నూలుచీర, జరీ గీసుకోకుండా అంచు కత్తిరించినది. దాన్ని ఒక బక్కెట్లో జాడించి, ఇంకో బక్కెట్లోని తేటనీళ్లలో ముంచి తుడిచేవారు. పిచ్చుక రెట్ట వేస్తే గోటితో గీకనిచ్చేవారు కాదు. దాని మీద తడిగుడ్డ కప్పి పక్కనే కూర్చునేవారు. "నాననీమ్మా. ఎండినప్పుడు గీకితే గీత పడతాది" అనేవారు. నేనూ మా ఆయనా పోట్లాడుకున్నప్పుడూ ఇదే మాట. అని, కొడుకును ఏదో పని మీద శెనక్కాయల మిల్లుకు తరిమేవారు.

ఒకసారి అహోబిలం పోయాం. పూజారి బానెట్టు మీద గంధం, కుంకుమ పూయబోతే మామ చెయ్యి అడ్డం పెట్టి, సామీ, బొట్టేదో నెంబరు పలకకు పెట్టండి, నరసింహసామి ఆడ చూడకపోతాడా అన్నారు. పూజారి నవ్వి అట్లాగే పెట్టాడు.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో ఏదో లైసెన్సు పని మీద అక్కడికి పోయారు. గుడారాల్లో ఆఫీసులు, జీపులు లేపే ఎర్రదుమ్ము. ఆయన లోపల ఉండగా ఒక బంట్రోతు మర్యాద కొద్దీ తన తువ్వాలుతో కారంతా పొడిగా తుడిచిపెట్టాడు. దుమ్ములో ఉన్న ఇసుక దాని పని అది చేసింది. ఎండలో చూస్తే రంగు మీద సాలెగూడు మాదిరి గీతలు. ఆ మనిషిని మామ ఒక్క మాట అనలేదట. ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా కారు పక్కన కూర్చున్నారు. నేను అడిగితే, "ఆయప్ప మర్యాదకు చేసినాడు. దుమ్ము ఏం చేయదమ్మా, తుడిచే చెయ్యే చేస్తాది" అన్నారు.

అసలు చెప్పాల్సింది నీళ్ల సంగతి. మా వీధి బావులన్నీ ఉప్పునీళ్లు. అవి నల్లరంగు మీద ఆరితే తెల్లమరకలు పడతాయి, కాబట్టి తాగే నీళ్లే కారుకూ పోయాలి. మంచినీళ్ల బావి ఊరి బయట. మోసేది ఎవరు? నేను. కిందటేడు వానలు మొహం చాటేశాయి, ఈ ఏడూ అంతే. బావి అడుగంటింది. రోజుకు ఇంటికి ఒక్క బిందే అని ఊరి పెద్దలు కట్టడి చేశారు. ఆ శనివారం మామ బక్కెట్టు పట్టుకుని వచ్చేసరికి నేను బిందెకు అడ్డం నిలబడ్డాను.

"ఉండేది ఒక్క బిందె మామా. కారుకు పోస్తే పిల్లోళ్లు ఏం తాగల్ల?"

ఇంకో మామ అయితే ఇల్లు ఎగిరిపోయేది. ఈయన బక్కెట్టు బోర్లించి పెట్టారు. "నిజమేమ్మా. నాకు తట్టలేదు" అన్నారు.

ఆ తర్వాత మళ్లీ అడగలేదు. కారు తీస్తే ఇంకా దుమ్ము పడుతుందని కడపకు బస్సులో పోయి వచ్చారు, ఆ వయసులో. కారు మీద దుమ్ము దుప్పటిలా పేరుకుంది. దాన్ని ఎవరినీ తుడవనివ్వలేదు. నేను అన్నది తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆయన కొట్టం గుమ్మంలో నిలబడి కారును చూస్తుంటే నేను తినే అన్నం వదిలేసి లేచేదాన్ని. "వాన రానీమ్మా. బయటికి తోసి పెడదాం. పైనుంచి పడే నీళ్లకన్నా మంచినీళ్లు యాడుండాయి?" అనేవారు. వాన రాలేదు. ఆయనే పోయారు.

శవం వాకిట్లో ఉండగా, కోసిగి నుంచి వచ్చిన మా ఆడబిడ్డ మొగుడు, పెద్దాయన కారు ఇట్లా ఉంటే నలుగురూ ఏమనుకుంటారని భుజం మీది తువ్వాలు తీశాడు. నేను ఏడుపు ఆపి లేచి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. "వద్దన్నా. దాన్ని ముట్టొద్దు" అన్నాను. అందరూ నాకు మతి చలించిందనుకున్నారు.

దినాలు ముగిసి చుట్టాలు వెళ్లిపోయాక ఒక సాయంత్రం మబ్బు పట్టింది. ఉరిమింది. నేనూ మా ఆయనా ఒక్క మాట అనుకోకుండానే పోయి కారును వాకిట్లోకి తోశాం. పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. పడి, ఆగిపోయాయి. గాలి మబ్బును ఎత్తుకుపోయింది. కారంతా అమ్మవారు పోసినట్టు బురద మచ్చలు. అవి ఎండితే రంగును పట్టేస్తాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

లోపలికి పోయి బిందె ఎత్తుకొచ్చాను.

"తాగేదానికి?" అన్నాడు మా ఆయన.

"ఈ రాత్రికి ఉప్పునీళ్లే కాంచి పోస్తా" అన్నాను.

పైనుంచి కిందికి మెల్లగా వదిలాను. గుడ్డ ముట్టలేదు. ఆ బిందెడు నీళ్లూ బానెట్టుకే సరిపోయాయి. మిగతా కారంతా మచ్చలతోనే ఉండిపోయింది. కడిగిన ఆ కాస్త నలుపులో ఆకాశం తేటగా కనిపించింది. ఎక్కడా మబ్బు తునక లేదు.