కింద పడని చాకు

చాకు అన్నాక తెగాలని లోకం అనుకుంటుంది. నరసరావుపేట పత్తి గోడౌనులో పనిచేసే రోజుల్లో మేం ఒక చాకు కొనడానికి వెళ్లి, తెగుతుందా లేదా అని ఒక్కసారి కూడా చూడలేదు. బస్తాల సందులోంచి కిందికి పోతుందా లేదా, అదొక్కటే చూశాం. దానికి కారణం మా అమ్మ, మాచర్ల బస్సు, మా అన్న. నా తప్పేమీ లేదు. ఉన్నా నేను చెప్పను.

పందొమ్మిది వందల యాభైల చివరి మాట. చుట్టాల పెళ్లికి మాచర్ల బయల్దేరాం. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి నా ఎర్ర అంచు తువ్వాలు విసిరి సీటు పట్టాను. తువ్వాలు ఎవడిదో సీటు వాడిది, అప్పటి ధర్మం అది. మూటలు టాపు మీదికి ఎక్కించి లోపలికి వచ్చేసరికి నా తువ్వాలు మీద అన్న కూర్చుని ఉన్నాడు. లెమ్మన్నాను. “పెద్దోణ్ణి, కూచుంటే ఏం పోయిందిరా?” అన్నాడు. నకరికల్లు వచ్చేసరికి నా కాళ్లు లాగాయి. పిడుగురాళ్ల వచ్చేసరికి మనసు విరిగింది. మాచర్లలో దిగేసరికి మా ఇద్దరికీ మాటల్లేవు. రెండేళ్లపాటు లేవు. పక్కపక్క ఇళ్లు, పని ఒకే గోడౌనులో. పొద్దున్నే ఆయన ముందు నడిస్తే నేను పది అడుగులు వెనక నడిచేవాణ్ణి.

అమ్మ మాత్రం బస్సు మీద తప్పు వేయనిచ్చేది కాదు.

“బస్సేం చేసిందిరా? ఆ పొద్దున వేపపుల్ల కోసుకోమని వాడు చాకు నీ చేతికిచ్చాడు. కింద పెడితే నువ్వు తీసుకోవాల. చేతిలోంచి చేతికి ఇచ్చుకుంటే గొడవలు గాక ఏమొస్తయ్?”

మా ఇళ్లల్లో కత్తీ కత్తెరా చేతికివ్వరు. అంతకుముందు మరిచిపోతే మరిచిపోయేవాళ్లం. ఆ పెళ్లి తర్వాత మాత్రం ఇద్దరం ఆ పద్ధతి తు.చ. తప్పకుండా పాటించాం.

గోడౌనులో పని ఇదీ. కొనేవాళ్లు వస్తే బస్తా మూతి కుట్టు కోసి, గుప్పెడు పత్తి లాగి చూపించి, మళ్లీ దబ్బనంతో కుట్టేయాలి. పై వరుసల్లో అన్న, కింది వరుసల్లో నేను. ఇద్దరికీ కలిపి షావుకారు ఇచ్చింది ఒక్కటే మడత చాకు. ఆయన పని కాగానే నడుమెత్తు బస్తా మీద పెట్టి మొహం తిప్పుకునేవాడు, నేను తీసుకునేవాణ్ణి. నేనూ అంతే. పత్తి బస్తా మెత్తన, పైగా గుండ్రన. పెట్టిన చాకు మెల్లగా జారి రెండు బస్తాల సందులోకి పోయేది. సరుకంతా లేస్తే తప్ప మళ్లీ దొరకదు. రెండో ఏడు సీజనులో అట్లా మూడు చాకులు పోయాయి.

మూడోది పోయిన రోజు షావుకారు ఇద్దర్నీ పిలిచాడు.

“ఈసారి మీరే పోయి మీకు పనికొచ్చేది ఎంచుకు రండి. అదీ పోయిందా, మీ ఇద్దర్లో ఒకడు ఇంటికి పోవాల. ఎవడనేది మీరే మాట్లాడుకోండి.”

మాట్లాడుకోవడమొక్కటే మాకు చేతగాని పని. అన్నకి ముగ్గురు పిల్లలు. నా భార్యకి ఏడో నెల. ఎవరి పని పోయినా ఒక ఇంట్లో పొయ్యి వెలగదు. నాకు భయం వేసింది. పోతే ఆయనే పోవాలని కాసేపు, నేనే పోతానని కాసేపు అనుకున్నాను. రెండోది అనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఇనప సామాన్ల కొట్టులో పక్కపక్కన నిలబడ్డాం.

“పిడి లావుగా ఉండాలని చెప్పండి,” అన్నాడు అన్న కొట్టాయనతో, నా వంక చూడకుండా.

“సన్నగా ఉంటే సందులో దూరుతుందని నాకూ తెలుసని చెప్పండి,” అన్నాను నేను.

కొట్టాయన ఇటూ అటూ చూసి, నన్ను మెల్లగా అడిగాడు. “ఆయనకి చెవుడా?”

“కాదు. మా అన్న.”

కొట్టులో మేకుల బస్తాలు రెండు ఆనుకుని ఉన్నాయి. ఇచ్చిన చాకునల్లా వాటి మధ్య పెట్టి చూశాం. ఎముక పిడి చాకు జారిపోయింది. ఇత్తడి పిడిదీ పోయింది. రెండు బ్లేడులున్నదీ పోయింది. పోయినప్పుడల్లా కొట్టాయన మేకుల బస్తా జరిపి తీసేవాడు. మూడోసారి నడుం పట్టుకుని లేచాడు.

“తెగుద్దా లేదా చూసే బేరాలు చానా చూశా. పడుద్దా లేదా చూసే బేరం ఇదే మొదలయ్యా.”

చివరికి అటక మీదినుంచి ఒకటి దించాడు. కొమ్ము పిడి, మడిస్తేనే జానెడు పైన, చివర ఇత్తడి రింగు. ఎన్నేళ్లుగా ఎవరూ కొనలేదో, దుమ్ము పట్టి ఉంది. సందు మీద అడ్డంగా పెడితే కదల్లేదు.

“పడలా,” అన్నాను.

“పడలా,” అన్నాడు అన్న, అదే క్షణంలో. ఇంచుమించు మాట్లాడుకున్నట్టయిందని ఇద్దరం గబుక్కున తలలు తిప్పుకున్నాం.

అది ఏ జేబులోనూ పట్టలేదు. అన్న చేత్తో పట్టుకుని ముందు నడిచాడు, నేను పది అడుగుల వెనక. మాటల్లేని అన్నదమ్ములు, ఒకడి చేతిలో అంత చాకు. మా వీధి బాబాయి ఒకాయన టీకొట్టులోంచి పరుగున వచ్చి నా రెక్క పట్టుకున్నాడు.

“ఒరేయ్, తొందరపడమాకండి. బస్సు సీటు కోసం కోర్టుల చుట్టూ తిరుగుతారంట్రా?”

“కుట్లు కోయడానికి బాబాయ్, గోడౌనులో.”

నమ్మలేదు. గోడౌను దాకా మా ఇద్దరి మధ్య నడిచాడు.

మర్నాడు అన్న ఆ రింగుకి మూరెడు గుడ్డపీలిక కట్టి తెచ్చాడు. చాకు మొద్దుది. కుట్టు తెగేది కాదు, విసిగి ఊడి వచ్చేది. అయినా వారం గడిచింది, చాకు పోలేదు.

తర్వాత ఒక రోజు గుంటూరు నుంచి కొనేవాళ్లు వచ్చారు. షావుకారు పక్కనే ఉన్నాడు. అన్న పై బస్తా కోసి, చాకు నాకోసం బస్తా మీద పెట్టి మొహం తిప్పుకున్నాడు. ముందు రోజే ఆ వరుసలో ఒక బస్తా లాగేశారు, సందు వెడల్పయింది. పడదని కొన్న చాకు తలకిందులుగా లోపలికి పోయింది. నేను రెండు చేతులతో బస్తా మీద బాదాను. ఆ చప్పుడుకి తిరిగి చూసి అన్న బోర్లా పడుకుని చెయ్యి చాచాడు. మాయమయ్యే పీలిక కొసని రెండు వేళ్లతో పట్టుకున్నాడు.

పైకి లాగాక సందు వంక చూశాడు, షావుకారు వంక చూశాడు. ఇంకెక్కడా పెట్టడానికి ధైర్యం చాల్లేదు. పిడి నా వైపు తిప్పి చెయ్యి చాపాడు. నేను వెనక్కి తగ్గాను.

“తీసుకోరా,” అన్నాడు, రెండేళ్ల తర్వాత. “ఇంకా చెడటానికి మన మధ్య ఏముంది?”

తీసుకున్నాను. అప్పుడు చూశాను పీలికని దగ్గరగా. ఇన్నాళ్లూ మెలితిప్పి ఉన్నది ఆ లాగుడికి విచ్చుకుంది. ఎర్ర అంచు. మాచర్ల బస్సులో విసిరిన నా తువ్వాలు.

“నా తువ్వాలు చించావా?” అన్నాను.

“రెండేళ్లు ఉతికి పెట్టెలో పెట్టా. వచ్చి అడుగుతావని. అడిగావా?”

నాకు కోపం రావాలి. ఏడుపొచ్చింది. అది కనపడకూడదని గొంతు పెంచాను.

“నువ్వే ఇయ్యొచ్చుగా?”

“నువ్వు అడగొచ్చుగా?”

కొనేవాళ్లు పత్తి చేత్తో పట్టుకుని మా వంకే చూస్తూ ఉండిపోయారు. మేం ఆపలేదు.

సాయంత్రానికి సంగతి అమ్మకి చేరింది.

“చాకు చేతికిచ్చుకున్నారంట గదా. గొడవైందా?”

“అయింది,” అన్నాం ఇద్దరం.

“నేను చెప్పలా,” అని అమ్మ, తన మాట నెగ్గినందుకు తృప్తిగా, రెండు కంచాలు పక్కపక్కన పెట్టింది. అన్నం తింటున్నంతసేపూ మేం ఆ తువ్వాలు గురించే పోట్లాడుకున్నాం.