కన్ను కొట్టమన్న సెల్‌ఫోన్

నా మొహం నాది కాదని ప్రభుత్వం వారి సెల్‌ఫోన్ తేల్చి చెప్పింది. పంట నమోదుకని మా ఊరి రైతు సేవా కేంద్రానికి వెళ్లి, తెర మీది గుండ్రటి గీతలో తల ఇమిడేలా కూర్చుని, రెండు కళ్లూ టపటపలాడించాను. 'ముఖం సరిపోలలేదు' అని వచ్చింది. తల దువ్వుకుని మళ్లీ కూర్చున్నాను. మళ్లీ అదే మాట. దాని తప్పేమీ లేదు. ఆధార్ కార్డులో ఉన్నది జుట్టూ మీసమూ నిండుగా ఉన్న మనిషి. ఆయన ఎప్పుడో వెళ్లిపోయాడు. చివరికి బొటనవేలు పెడితే వెంటనే ఒప్పుకుంది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "పనికి వంగని వేలు గదా, గీతలు యాడ అరిగిపోతాయిలే" అంది. ఏడో తరగతిలోనే బడి మానేసిన నాకు ఇంత గట్టి సర్టిఫికెట్ ఇంకెవరూ ఇవ్వలేదు.

మా మేనత్త సంగతి దీనికి తలకిందులు. నాట్లు వేసి, కలుపు తీసి, అంట్లు తోమి ఆమె వేళ్ల మీద గీతలనేవే మిగల్లేదు. వేలిముద్ర మిషను మీద ఆమె వేలు పెట్టడమూ బండ మీద పెట్టడమూ ఒకటే. పైగా ఆమెకు ఈ నమోదు నాలాగా వేళాకోళం కాదు. పోయినేడు పంట మా మామ పేరు మీద ఉండగానే ఆయన పోయాడు. పోయిన మనిషి వచ్చి వేలు పెట్టలేడు కాబట్టి కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోలేదు. కళ్లం దగ్గరికొచ్చిన దళారి ఏ ధర చెబితే ఆ ధరకే అత్త ఇచ్చేసింది. ఆ రోజు నుంచీ ఆమెది ఒకటే మాట: "ఈ తూరి ఆ ఫోన్లో నా పేరు పడాల. నా చేనికి నేనే రైతునని అది ఒప్పుకోవాల."

పాసుబుక్కు ఆమె పేరు మీదికి మారి వచ్చేసరికి నమోదుకు ఆఖరి రోజు అయింది. పొద్దున్నే బోగోలు మార్కెట్లో చేపల బుట్టలు దించేసి, నా ట్రాలీ ఆటోలో రెండు బకెట్ల నీళ్లు కొట్టి, అత్తను ఎక్కించుకుని కేంద్రానికి తీసుకెళ్లాను. దారి పొడుగునా ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే ఉంది.

అక్కడ పంటలు నమోదు చేసే అమ్మాయిది గోదావరి వైపు. మాట మెత్తన, పని చురుకు. అత్త వేలు రెండుసార్లు పెట్టించి చూసి లాభం లేదని, ఫోను ఆమె మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"పెద్దమ్మా, ఇలా చూడండి. ఇప్పుడు కళ్లు ఆర్పండి."

అత్త గదంతా కలయజూసింది. "ఏం ఆర్పాలమ్మా? లైట్లు నువ్వే గదా వేసినావు?"

"లైట్లు కాదండీ, కళ్లు. ఒక్కసారి ఆర్పితే చాలు."

"కళ్లు ఆర్పేదేందమ్మా! పొద్దున్నే పాడు మాట!"

నేను నోరు మూసుకుని ఉండాల్సింది ఇక్కడే. కానీ వెనక వరసలో పదిమంది రైతులున్నారు. అంతమంది జనాన్ని చూసి నోరు మూసుకునే అలవాటు నాకు లేదు.

"నీకు అర్థం కాలేదత్తా. ఆ ఫోనుకి కన్ను కొట్టమంటా ఉండాది."

వరసంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. అత్త చెయ్యెత్తింది. "మీ మామ బతికుండంగానే ఒకనాడు కన్ను కొట్టి ఎరగను. ఈ వయసులో ఈ పెట్టెకి కొట్టమంటావా, సచ్చినోడా!" అని, చెయ్యి దించేలోపే తనూ నవ్వేసింది.

దాంతో పని చెడింది. ఫోను ఎదురుగా వచ్చినప్పుడల్లా అత్త పెదవి వణికేది. ఆ వెంటనే కొంగు నోటికి అడ్డం వచ్చేది. 'ముఖం పూర్తిగా కనిపించడం లేదు' అనేది ఫోను. వెనక నుంచి ఒకాయన, "అక్కా, కుడికన్నా, ఎడమకన్నా?" అని అడిగేవాడు. మళ్లీ నవ్వు. అలా కొంతసేపు ఓపిక పట్టి, ఫోను ఇక నావల్ల కాదంది. 'కాసేపు ఆగి ప్రయత్నించండి' అని తెర మీద పడింది.

అత్త కొంగు నోటి మీదే ఉంది గానీ దాని వెనక నవ్వు లేదు.

"అయితే ఈ యేడు గూడా నా వడ్లు దళారికేనా?" అంది.



ఆ అమ్మాయి లేచి ఫోను సంచిలో వేసుకుంది. "ఎలాగూ చేను ఫొటో తియ్యాలి కదండీ. మొహం కూడా అక్కడే తీద్దాం, పదండి." తర్వాత నావైపు తిరిగి, "మీరు మాత్రం అక్కడ మాట్లాడకూడదు" అంది.

నా చిన్నప్పుడు చేలో ఏ పైరుందో రాసే ఆయన ఇంటి అరుగు మీద మా నాయన పడిగాపులు పడేవాడు. ఇప్పుడు ప్రభుత్వం స్కూటీ ఎక్కి చేను దగ్గరికే వస్తోంది. అడ్డం పడిందల్లా నా నోరే.

స్కూటీ ఎక్కబోతూ ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. "కళ్లు ఆర్పడాన్ని మీ వైపు ఏమంటారండీ?"

"రెప్ప వెయ్యడం అంటాం మేడం."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా?"

"చెప్పుంటే ఇంత వినోదం యాడుంటాది మేడం?"

ఆ అమ్మాయి చూసిన చూపుకు ఇంకొకరైతే రెప్ప వెయ్యడం కూడా మరిచిపోయేవారు.

అత్త చేను సరుగుడు తోపు అవతల ఉంది. సముద్రం మీది గాలి తోపు దాటి వచ్చి పైరును దువ్వుతోంది. వరి పొట్ట మీద ఉంది, ఇంకొన్నాళ్లలో వెన్ను తీస్తుంది. అత్త చెప్పులు విడిచి గట్టెక్కింది, తల నిమురుకుంది, కొంగు సరిచేసుకుంది. నన్ను చూస్తే మళ్లీ నవ్వొస్తుందని అవతలి గట్టు మీదికి తరిమారు. అటు తిరిగి నిలబడమన్నారు. నేనూ రెండు కొంగలూ సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాం. ముగ్గురిలో కొంగలదే బుద్ధిగల మొహం.

వెనక నుంచి మాట వినబడింది. "పెద్దమ్మా, ఇటు చూడండి. ఇప్పుడు రెప్ప వెయ్యండి."

నాకు దగ్గొచ్చింది. మింగేశాను. నా జన్మలో నేను చేసిన త్యాగం అదొక్కటే.

"వచ్చేసిందండీ!"

తిరిగి చూస్తే ఆ అమ్మాయి తెర మీద పడినదాన్ని పైకి చదువుతోంది. అత్త పేరు ఇంటిపేరుతో సహా, పక్కన వరి, సాగుదారు స్వయంగా ఆమే.

"ఇంకో తూరి చదువమ్మా" అంది అత్త. ఆ అమ్మాయి చదివింది. ఈసారి అత్త కూడా పెదాలు కదిపింది. తర్వాత తెర మీద చేను పటం చూపిస్తే, అరిగిన ఆ వేలితోనే గట్టు వెంబడి నెమ్మదిగా గీసి, "గీసినోడెవడో మూల తిరిగే కాడ గూడా సరిగ్గానే ఏసినాడే" అని మెచ్చుకుంది.

తిరిగొచ్చేటప్పుడు అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. అలాగని ఆటోలో చేపల వాసనేమీ తగ్గలేదు. చేను దగ్గర్నుంచీ బిగబట్టిన నోరు నాకింక ఆగలేదు.

"ఏమన్నా అనత్తా, మామకి గూడా కొట్టని కన్ను ఆఖరికి ఆ ఫోనుకి కొట్టినావు."

అత్త రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే అంది:

"కొట్టినాలేరా. కొట్టంగానే ఈమె ఫలానా అని గుర్తుపట్టినాది. నువ్వు రెండు కళ్లూ టపాటపా కొట్టినా, వీడెవడో నాకు తెలీదన్నాది గదా!"