వెనక్కి తిరిగి నిలబడ్డ బొమ్మ

సుచరిత రంపం తీసుకుని బొమ్మ నడుము కోసేసింది. గిరిధర్ సేఠ్ గుండె పట్టుకున్నాడు. ఆయన బట్టల దుకాణంలో ఉన్న పదకొండు బొమ్మలూ సిపాయిల్లా నిటారుగా నిలబడేవే. సుచరితకేమో ముందుకు వంగిన బొమ్మ కావాలి. రెండు ముక్కల మధ్య చెక్క ఇరికించి, ఎం-సీల్ జిగురుముద్ద పెట్టి, రెండు రోజులు ఆరబెట్టి, దానికి టస్సర్ చీర కట్టి చూపించాక సేఠ్ గుండె మీద నుంచి చెయ్యి తీశాడు.

ఆమెకు ఇరవై నాలుగేళ్లు. తండ్రి కృష్ణారావు విద్యుత్ కేంద్రంలో ఇంజినీరు. పుట్టి పెరిగిందంతా చంద్రపూర్‌లోని క్వార్టర్లలోనే. పూణేలో రెండేళ్లు షోకేసులు అలంకరించే చదువు చదివి వచ్చింది. దానికీ చదువుంటుందా అని చుట్టాలు వేళాకోళం చేశారు. ఎనిమిది నెలలుగా పుట్టినరోజు పందిళ్లూ, రెండు రోజులు పెట్టి పీకేసే స్టాళ్లూ తప్ప చేతికి పని తగల్లేదు. ఇదే మొదటి అసలు షోకేసు. శనివారం ఐదింటికి నాగపూర్ పెద్ద దుకాణం మేనేజరు వచ్చి చూస్తాడు. నచ్చితే అక్కడ ఆర్నెల్ల పని. ఆ శనివారం ఐదింటినే ఆమె వారం రోజులుగా జపం చేస్తోంది.

వేసవి చీరలు కాబట్టి అడవి పెడదామనుకుంది. ఇప్పపూలు ఏరుతున్న ఆడమనిషి, వెనక పులి. చంద్రపూర్‌లో పులి లేని చోటెక్కడ? ఊరి పక్కనే పులుల అడవి. హోటలు బోర్డు మీద పులి, చౌరస్తాలో సిమెంటు పులి, స్కూలు బస్సు మీద పులి. నిజం పులిని సుచరిత రెండుసార్లు చూసింది. రెండుసార్లూ సఫారీ జీపులో, చేతిలో చిప్స్ పొట్లంతో.

ఇప్పపూల సంగతి మాత్రం ఆమెకు బొత్తిగా తెలియదు. అదంతా నేర్పింది సత్తమ్మ. దుకాణంలో చీరలు మడతపెట్టే మనిషి, గోండ్‌పిప్రి దగ్గరి పల్లె నుంచి నిరుడు ఏప్రిల్‌లో వచ్చి చేరింది. చేరిన రోజే మధ్యాహ్నం ఊరి నుంచి ఏదో ఫోనొస్తే పరుగున వెళ్లిపోయిందనీ, నెల తర్వాత తిరిగొస్తే సేఠ్ పాపం అని మళ్లీ పెట్టుకున్నాడనీ దుకాణంలో చెప్పుకుంటారు.

"గట్ల కాదు బిడ్డా. కొంగు నడుముకు దోపాలె. ఒక చెయ్యి మోకాలు మీద ఉంటది. మా అక్కను జూసి చెప్తున్న."

పాత వెదురుబుట్ట కావాలంటే ఊరి నుంచి తెచ్చిచ్చింది కూడా ఆమే. "మా అక్కదే. ఇప్పుడు ఎవ్వలు వాడుతలేరు."

ఎందుకు వాడటం లేదని సుచరిత అడగలేదు. బుట్ట అంచుకు చుట్టిన నీలం నైలాన్ దారం ఫొటోలో బాగా పడుతుందని మురిసిపోతూ ఉంది.

పులిని వినాయకుడి విగ్రహాలు చేసే వాళ్ల దగ్గర చేయించింది. శనివారం పొద్దున అది వచ్చేసరికి సత్తమ్మను గోదాముకు పంపింది, పరదా తీశాక ఒక్కసారిగా చూసి సంబరపడాలని. పులి చూపు సరిగ్గా బొమ్మ మెడ మీద పడేలా టేపు పెట్టి కొలిచి మరీ అమర్చింది.

పదకొండింటికి పరదా తీశారు. జనం బాగానే ఆగారు, సెల్ఫీలు దిగారు, సేఠ్ ముఖం వెలిగిపోయింది. అప్పుడు సత్తమ్మ రోడ్డు మీదికి వచ్చి అద్దం ముందు నిలబడింది. చూస్తూ చూస్తూనే ఫుట్‌పాత్ మీద కూలబడింది. వడదెబ్బ అనుకుని సుచరిత నీళ్లసీసాతో పరుగెత్తింది.

"గా పులిని ఎవలు పెట్టిర్రు?"

"నేనే సత్తక్కా. మంచిగ లేదా?"

సత్తమ్మ నీళ్లు ముట్టలేదు. "మా అక్కను గట్లనే పట్టింది బిడ్డా. వంగి ఏరుతుంటె ఎనక నుంచి."

సుచరితకు రోడ్డు మీది చప్పుళ్లేవీ వినిపించలేదు. ఎవరో వెనక నుంచి మరాఠీలో, ఒక్క ఫొటో అక్కా అన్నట్టు, "ఏక్ ఫోటో, తాయీ" అంటూ ఆమెను పక్కకు జరిపి బొమ్మ ముందు రెండు వేళ్లు చాపి నిలబడ్డారు.

"మరి బుట్ట..."

"ఆడనే దొరికింది." సత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మా బావకు పొద్దుగాలనే ఫోన్ జేసిన. అక్క లెక్కనే షోకేసుల బొమ్మ పెట్టిర్రు, సూడనీకి రా అని. నాలుగింటి బస్సుకు దిగుతడు."

అప్పుడు గానీ సుచరితకు పూర్తిగా తలకెక్కలేదు. ఒక మనిషి చావును తాను టేపు పెట్టి కొలిచింది. సేఠ్ దగ్గరికి వెళ్లి పులిని తీసేస్తానంది.

"పాగల్ అయినవా? జనం ఆగేదే పులి కోసం. ఐదింటికి నాగపూర్ సాబ్ వస్తుండు. ఆయన పోయినంక తీస్కో."

"నాలుగింటికి ఆమె భర్త వస్తుండు సేఠ్."

"ఎవరి భర్త?"

సుచరిత వంగిన బొమ్మను చూపించి, విన్నదంతా చెప్పింది. సేఠ్ ఒకసారి పులిని, ఒకసారి వంగిన బొమ్మను చూశాడు. చెడ్డవాడు కాదు, వ్యాపారి. "తీస్తే తియ్యి," అన్నాడు చివరికి. "గానీ జిమ్మేదారి నీదే. నాగపూర్ సాబ్‌కు నేను జవాబు చెప్ప."

ఒంటిగంటన్నరకు పరదా దించింది. దుప్పటి కప్పిన పులి వెనక తలుపు గుండా బయటికి పోయింది. అది ఉన్న చోట పెద్ద ఖాళీ మిగిలింది. అక్కడ ఏ కుండో పెడదామని సుచరిత చూస్తుంటే సత్తమ్మ చెప్పులు విడిచి షోకేసులోకి ఎక్కింది.

"ఆడ ఇంకో బొమ్మ పెట్టు బిడ్డా. ఇప్పపువ్వుకు ఒక్కలే పోరు. ఒకలు వంగి ఏరుతుంటె ఇంకొకలు నిలబడి అడవి దిక్కు జూస్తరు. గది మా ఊరి రివాజు."

"మొఖం ఎటు పెట్టాలె?"

"అడవి దిక్కే."

అంటే వీధికి వీపు. బొమ్మ వీపు వీధికి పెట్టొద్దని చదువులో మొదటి రోజే నేర్పారు. సుచరిత బొమ్మను వెనక్కి తిప్పింది. చీర మాత్రం సత్తమ్మే కట్టింది, చేతిలో కర్ర పెట్టింది, కుచ్చిళ్లు మళ్లీ మళ్లీ సర్దింది. మరి ఆ రోజు ఎవరూ నిలబడలేదా అన్న ప్రశ్న సుచరిత గొంతు దాకా వచ్చింది. ఈసారి అడిగే ధైర్యం లేకపోయింది.

నాలుగైంది. నాలుగున్నర అయింది. బస్సు రాలేదు. ఐదింటికి మాత్రం గడియారం చూసి వచ్చినట్టు నాగపూర్ మేనేజరు కారు దిగాడు. ఫోన్‌లో పొద్దున సేఠ్ పంపిన ఫొటో చూశాడు, అద్దంలోకి చూశాడు.

"పులి ఏది? ఈ బొమ్మ అటు తిరిగి ఉందేమిటి?" అని హిందీలో అడిగాడు. "కనీసం దాన్నైనా ఇటు తిప్పించండి."

సేఠ్ సుచరితను చూశాడు. సుచరిత షోకేసు పక్కన నిలబడ్డ సత్తమ్మను చూసింది. "తిప్పను సార్," అంది. ఆయన మర్యాదగా తలూపి, ఫోన్ చేస్తానని చెప్పి వెళ్లిపోయాడు. అలా చెప్పి వెళ్లినవాళ్లు ఫోన్ చేయరని ఎనిమిది నెలల అనుభవంలో ఆమెకు తెలుసు. ఏడుపొచ్చింది. ఆయన వచ్చి పోయేదాకా పులిని ఉంచితే పోయేదని సేఠ్ గొణుగుతూ లోపలికి పోయాడు.

బస్సు ఐదున్నరకు వచ్చింది. సత్తమ్మ బావ భీమన్న సన్నటి మనిషి, తలకు తువ్వాలు. అద్దం ముందు నిలబడి ముందు బుట్టను గుర్తుపట్టాడు. నీలం దారం ఉన్న చోట అద్దం మీద వేలు ఆనించి, కాసేపు అలాగే ఉంచాడు. ఆ తర్వాత తల పైకెత్తాడు.

"ఎనక నిలబడ్డది ఎవలు?"

"నేనే బావా," అంది సత్తమ్మ.

అప్పుడు సుచరితకు అర్థమైంది. నిరుడు ఏప్రిల్‌లో సత్తమ్మ ఈ దుకాణంలో మొదటి రోజు చీరలు మడతపెడుతుంటే మధ్యాహ్నం వచ్చిన ఫోన్ ఈ కబురే. ఆ పొద్దున అక్క వెనక నిలబడాల్సిన మనిషి ఇక్కడ ఉంది. ఏడాదిగా ఆ మాట ఎవరితోనూ అనకుండా, రోజూ ఇదే గల్లాపెట్టె పక్కన కూర్చుని చీరలు మడతపెట్టింది.

భీమన్న అద్దంలో నుంచి కళ్లు తిప్పలేదు. "నిన్ను ఆ దినం పట్నం బస్సెక్కించింది నేనే కదనే," అన్నాడు. "అక్క రేపు పోనియ్యి అన్నది. నేనే ఇనలేదు."

సత్తమ్మ ఏడాదిలో మొదటిసారి అక్కడే, బజారులో, అందరి ముందూ గట్టిగా ఏడ్చింది.