శ్రేయోభిలాషులు రాసిన గోడ

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూంలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ, పేరైనా చెప్పకుండానే గోడు వెళ్లబోసుకుంది.

"ఈస్టర్‌కని ఈ ఊళ్లోనే, ఝపటాపూర్‌లో మా గోడకి సున్నం ఏసినాను. తెల్లగోడ కనపడితే ఎలచ్చన్ల రాతల కోసమే అనుకుంటారిక్కడ పార్టీలోళ్లు. తెల్లారేసరికి ఎవుడికో ఓటెయ్యమని నిండా రాసేసినారు. కింద 'మీ శ్రేయోభిలాషులు' అని ఉంది."

"ఆ అభ్యర్థి ఎన్నికల ఖర్చులో కలపమని చెప్పాల్సింది," అన్నాను.

"సెప్పినాను బాబూ! 'నేను రాయించలేదు దీదీ, ఆ ఖర్చు నాది కాదు' అన్నాడు. ఆ శ్రేయోభిలాషులకి ఊరూ పేరూ లేదు. ఎలచ్చనాఫీసోళ్లు ఒచ్చి నన్నే సెరిపెయ్యమన్నారు. అడ్రసున్నది నాకొక్కదానికేనంట! ఏటి సేస్తాను? మళ్లీ నేనే సున్నం ఏసినాను."

సున్నానికి పగిలిన అరచేతులు నా ముందు చాపింది.

ఇప్పటికీ ఏ గోడ మీద ఆ మాట కనపడినా నాకు ఒళ్లు మండుతుంది. రాయడానికే తప్ప చెరపడానికి ఒక్క శ్రేయోభిలాషీ రాడు.