రెండో గుంపులో ఒక ఏడాది

నేను విజయనగరంలో ఒక యూనివర్సిటీలో ఊడ్చే పనికి చేరిన కొత్తలో అక్కడ పాఠాలు చెప్పేవారు, పరీక్షలు పెట్టేవారు, సెలవులిచ్చేవారు. రాష్ట్రం రెండు ముక్కలైన తర్వాత ఆ చోటికి రీసెర్చ్ పిచ్చి పట్టింది. పరిశోధన ఉంటేనే పైవాళ్లు మంచి గ్రేడు ఇస్తారట, పేపర్లు అచ్చయితేనే మాస్టార్లకు ప్రమోషన్లట. డిపార్టుమెంటుకు ఇద్దరు ముగ్గురు ఉండే స్కాలర్లు పది పదిహేను మంది అయ్యారు. సైకిల్ షెడ్డు కొట్టేసి నాలుగంతస్తుల బ్లాకు కట్టారు. తలుపు తలుపుకీ బోర్డు. ఊడ్చేవాళ్లను మాత్రం ఒక్కరిని కూడా పెంచలేదు.

పరిశోధనకు మనుషులు కావాలి. శృంగవరపుకోట పక్క పల్లెలకు వెళ్లి అడగాల్సిన ప్రశ్నలు మా దగ్గరే అడిగేసేవారు. ఆటో చార్జీలు ఉండవు కదా. మేము మెట్ల కింద కూర్చుని అన్నం తింటుంటే కాగితాలు పట్టుకుని దిగేవారు. ఏం తింటారు, ఎన్ని కాన్పులు, మీ ఆయన కొడతాడా. ఒకామె నా వేలు గుచ్చి రక్తం తీసుకెళ్లింది. అందులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంకొకాయన నా సంతోషానికి పదికి ఎన్ని మార్కులు వేస్తానో చెప్పమన్నాడు. అన్నింటికీ చివర వేలిముద్ర.

హాజరు పట్టీలోనూ వేలిముద్రే. సూపర్‌వైజరు రోజూ పొద్దున్న నా బొటనవేలిని వంకాయ పట్టుకున్నట్టు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద అదిమేవాడు. నా వేలు నేను నొక్కుకోలేనా? సంతకం చేసేవాళ్ల చెయ్యి ఎవరూ అలా పట్టుకోరు. యాభై దాటాక నాకు చదువు మీద పుట్టిన కోరికకు ఇంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు. నా పేరు నేను రాసుకోవాలి, ఆ మనిషి నా చెయ్యి ముట్టుకోకూడదు.

అప్పుడే ఎడ్యుకేషన్ డిపార్టుమెంటులో ఒక స్కాలరమ్మ వచ్చింది. శ్రీకాకుళం వైపు పిల్ల, ముప్పై ఏళ్లుంటాయి. చదువురాని ఆడవాళ్లకు తక్కువ కాలంలో అక్షరాలు నేర్పే పద్ధతి మీద ఆమె థీసిస్. మా ఊడ్చేవాళ్లనూ, క్యాంటీను వాళ్లనూ పిలిచి చీటీలు తీయించింది. నా చీటీలో ఏముందో ఆమే చదివి చెప్పింది. రెండో గుంపు. మొదటి గుంపుకు మధ్యాహ్నం మూడింటికి క్లాసు. రెండో గుంపుకు ఏమీ లేదు. చదువు చెప్పినవాళ్లకూ చెప్పనివాళ్లకూ తేడా చూపించాలంటే చెప్పనివాళ్లు కూడా కొందరుండాలట.

నాతోపాటు ఊడ్చే ఆమెకు మొదటి గుంపు వచ్చింది. ఆమెకు చదువంటే ఒళ్లుమంట.

“వదినా, నా బదులు నువ్వెల్లి కూకో. నాకు ఆ ఫేను కింద నిద్దరొచ్చేస్తంది. ఆవిడికి ఒక ముసల్ది కావాల, నువ్వైతే ఏటి, నేనైతే ఏటి?” అంది.

ఇద్దరం వెళ్లి అడిగాం. స్కాలరమ్మ ఒప్పుకోలేదు.

“మారిస్తే నా పని మొత్తం చెడిపోతుందమ్మా. ఒక్క ఏడాది ఆగండి, తర్వాత నేనే నేర్పిస్తాను.”

“ఏడాదంతా నన్నేటి సెయ్యమంతారు?”

“ఏమీ చెయ్యకండి. ఇప్పుడు ఎలా ఉన్నారో అలాగే ఉండండి.”

ఆ మాట ఆమె నవ్వుతూనే అంది. నేను చీపురు పట్టుకుని ఇవతలికి వచ్చేశాను.

కానీ ఒకటి మరిచిపోయింది. క్లాసయ్యాక ఆ గది ఊడ్చేదీ, బోర్డు తుడిచేదీ నేనే. నాలుగింటికి వాళ్లు వెళ్లిపోతే నేను తలుపు దగ్గరగా వేసి ముందు బోర్డు చూసేదాన్ని. తర్వాత కింద నుంచి పైకి, ఒక్కొక్క అక్షరమే తుడిచేదాన్ని. తుడిచిన ప్రతిదాన్నీ వేలితో బల్ల మీది దుమ్ములో రాసి చూసుకునేదాన్ని. బల్లలు ఆఖరున తుడిచేదాన్ని. రెండు నెలలు అలా సాగింది. ఒకరోజు ఆమె మరిచిపోయిన సెల్‌ఫోను కోసం వెనక్కి వచ్చి నన్ను చూసింది. ఫోను తీసుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి బోర్డు తనే తుడిచి వెళ్లేది, అదీ తడిగుడ్డతో.

అప్పటికి నాకు సగం అక్షరాలు వచ్చాయి. మిగతా సగం చర్చిలో దొరికాయి.

మాది బాప్టిస్టు కుటుంబం. మా చర్చిలో పాస్టరు గారు పాట నంబరు చెబుతారు. చదువురాని ఆడవాళ్లం కూడా పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటాం. పాటలన్నీ నోటికి వచ్చు కనక ఏ పేజీ తెరిచినా ఒకటే. ముప్పై ఏళ్లు నేను తప్పు పేజీ చూస్తూ సరైన పాట పాడాను. అంకెలు మాత్రం బస్సుల పుణ్యమా అని తెలుసు. ఆ ఆదివారం మొదటిసారి నంబరు చూసి పేజీ తీశాను. నోట్లో ఉన్న పాట కింద వేలు పెట్టి నడిపించాను. తెలిసిన రెండు అక్షరాల మధ్య తెలియనిది వస్తే అదేమిటో పాటే చెప్పేసేది. పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. వంకర అక్షరాలూ, ఒత్తులూ, అన్నీ అలాగే పట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఏడాది తిరిగాక పరీక్ష పెట్టారు. రెండో గుంపువాళ్లను ఒక్కొక్కరినీ లోపలికి పిలిచారు. స్కాలరమ్మ, పక్కన టీ తాగుతూ ఆమె గైడు గారు. నా ముందు వెళ్లినవాళ్లందరూ రాదు అని చెప్పి, వచ్చినందుకు ఇచ్చే స్టీలు గ్లాసు తలా ఒకటి పట్టుకుని వచ్చేశారు. స్కాలరమ్మ నా చేతికి రెండు వైపులా రాసి ఉన్న అట్టముక్క ఇచ్చి, చదవలేరు కదా అన్నట్టే కాగితం మీద గీత పెట్టబోయింది.

“వాన వస్తే చెరువు నిండుతుంది,” అని చదివాను. తిప్పి వెనక వైపున్నదీ చదివాను.

ఆమె పెన్ను ఆగిపోయింది. ఏడాదిగా నాతో పుస్తకాల భాష మాట్లాడిన మనిషి ఒక్కసారిగా వాళ్ల ఊరి మాటలోకి దిగిపోయింది.

“ఎవులు నేర్పినారే నీకు?”

ఏం దొంగిలించావే అని అడిగినట్టే ఉంది.

“ఎవులూ నేర్పలేదమ్మా. మీరూ నేర్పలేదు,” అన్నాను.

గైడు గారు నా వైపు చూడలేదు. ఈ కేసు తీసేయమనీ, ఒకటి పోతే ఏమీ కాదనీ ఆమెకు ఇంగ్లీషూ తెలుగూ కలిపి చెప్పారు. నాకు స్టీలు గ్లాసు కూడా ఇవ్వలేదు. ఈ థీసిస్ మీద ఇచ్చే డిగ్రీ కాగితం చేతికి రాకపోతే ఆమెకు ఉద్యోగం రాదని నాకు తెలుసు. అయినా జాలి కలగలేదు.

మర్నాడు సూపర్‌వైజరు అలవాటుగా నా వేలి కోసం చెయ్యి చాపాడు. నేను అతని జేబులోని పెన్ను తీసుకున్నాను. రికార్డులో వేలిముద్ర ఉన్నాది, సంతకం సెల్లదు అన్నాడు. నేను కదల్లేదు. వెనక వరస పెరిగి గొణుగుడు మొదలయ్యాక పుస్తకం నా వైపు తిప్పాడు. నా పేరు గడి దాటి పక్కావిడ గడిలోకి పోయింది. పోనీ.

తర్వాత నేర్పిస్తానన్న మనిషి మళ్లీ మా మెట్ల వైపు రాలేదు. రెండేళ్లకు నన్ను లైబ్రరీలో థీసిస్‌ల గదికి మార్చారు. కొత్త బీరువాలు తెప్పిస్తున్నారు, పాతవి నిండిపోయాయి. అక్కడ ఆమె పుస్తకం కనబడింది. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, తెలుగులోనే. అన్నం తినే వేళల్లో పదిహేను రోజులు చదివాను. గైడు గారికి, భర్తకి, టైపు చేసిన ఆయనకి కృతజ్ఞతలు ఉన్నాయి. లోపల ఒక చోట నేనున్నాను. రెండో గుంపులో ఒకరు ఆసక్తి లేక మధ్యలో మానేశారట.

ఆ గదిలో దుమ్ము దులిపేది నేనే. ప్రతి శనివారం అన్ని అరలూ తీసి, అన్ని పుస్తకాలూ తుడుస్తాను. దాన్ని తుడవను. ఇప్పుడు దాని అట్ట మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ముంది.