గరిక పీకి కూర ఉంచారు

నారాయణఖేడులో ఇంటి ముందు పచ్చిక పెంచాలనుకోవడం నా బుద్ధితక్కువ. ఆ మాట మొదటే ఒప్పుకుంటున్నాను, ఇంకెవరూ నాకు చెప్పనక్కరలేదు. పట్నంలో కాలేజీ చదివిన రోజుల్లో మా హాస్టలు ముందు పచ్చిక ఉండేది. పెళ్లయ్యాక మా ఆయన తాలూకా కచేరీలో తహశీల్దారు కింద పేష్కారుగా ఇక్కడికి వచ్చారు. నేను పొలాల గట్లనుంచి గరిక తెప్పించి ముంగిట్లో నాటి, ఎండాకాలమంతా బిందెలతో నీళ్లు పోసి బతికించాను. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. గరికకు నీళ్లు పోసే మనిషిని వాళ్లు అంతవరకు చూడలేదట.

వానలు పడగానే పచ్చికనిండా గలిజేరు పాకింది. దాని వెంట గంగవాయిలి, పల్లేరు. నేలను కరుచుకుని తీగలు సాగి గరికను కప్పేశాయి. ఒకవైపు పీకుతుంటే ఇంకోవైపు అల్లుకునేవి. నాకు ఒళ్లు మండిపోయేది. అంతలో జిల్లా తాలూకాదారు, అంటే ఇప్పటి కలెక్టరు, తనిఖీ దౌరాకు వస్తున్నాడని కబురు. ఆయనకు పచ్చికమీదే చాయ్ ఇవ్వాలని మా ఆయన పట్టు.

"మనుషులను పంపిస్త, నువ్వు పరేషాన్ కాకు" అన్నారు.

మరునాడు పొద్దున్నే కచేరీ జవాను ఆరుగురు ఆడవాళ్లను తోలుకొచ్చాడు. అందరి చేతుల్లో కలుపు తీసే ఖుర్పీలు. వాళ్లలో పెద్దామె తొందరపడుతూ వచ్చింది.

"జల్ది చెప్పు దొరసానీ. వాన తెరిపిచ్చింది. మా పెసర చేన్ల కలుపు వెరిగి కూసున్నది. మల్ల వాన వడ్డదంటె చేన్ల కాలు వెట్టరాదు."

"కలుపంతా తీసేసి వెళ్లండి" అని నేను లోపలికి పోయాను.

మధ్యాహ్నం దాటాక వచ్చి చూశాను. నా గరిక ఒక్క పోచ లేదు. తవ్విన నేలమీద గలిజేరు, గంగవాయిలి మాత్రం ఎక్కడివక్కడ నిగనిగలాడుతున్నాయి.

"ఏం చేశారే? గరిక ఏది?"

పెద్దామె గోడపక్క కుప్ప చూపించింది. "గంత గరిక! ఏర్లతోని తీసినం. మల్ల మొలిస్తె నన్నడుగు."

"మరి ఈ గలిజేరు?"

"గది కూర గద! పప్పుల ఏస్కో. నీకనే ఉంచినం."

నేను అరిచిన అరుపులు కచేరీదాకా వినబడి ఉంటాయి. పెంచుకున్న గరికకూ కలుపుకూ తేడా తెలియదా అన్నాను.

"చదివినవ్ గని, చేను చేసినవా?" అన్నదామె. "గరిక వడ్డ చేను ఎవలన్న ఉంచుకుంటరా?"

మిగతావాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకింకా మండింది. "అయితే రేపు వచ్చి మళ్లీ నాటండి!"

నవ్వులు ఆగిపోయాయి. పెద్దామె అక్కడే చతికిలబడింది. "రేపు గూడనా? చేను గరికపాలైతది దొరసానీ. ఏడాదంత ఏం దినాలె?"

"ఊరికే చేయమన్నానా? కూలి ఇప్పిస్తాను."

"కూలా! కచేరి పనికి కూలెవలిస్తరు? వెట్టి గద."

వెట్టి సంగతి నాకు తెలియదని అబద్ధం చెప్పను. తాలూకా అంతటా జరిగేదే. ఈ ఆరుగురినీ ఎట్లా తెచ్చారని నేను అడగలేదు, అంతే.

సాయంత్రం మా ఆయన ఇంకా చెప్పులు విడవలేదు, రేపు వాళ్లను పిలిపించవద్దని నేను మొదలుపెట్టాను.

"ఒక్క రోజుకు ఏమైతది?" అన్నారు.

"ఒక్క రోజుకు ఏమీ కానప్పుడు మీ తాలూకాదారు ఒక్క పూట వరండాలో కూచోలేడా?"

"నౌకరి నాది, నీది గాదు."

"చేను వాళ్లది, మీది కాదు."

తెల్లవారి వాళ్లు మళ్లీ వచ్చారు. గేటు దగ్గరే ఆపి, మీ చేనుకు పొండి అన్నాను. పెద్దామె కదలలేదు.

"నువ్వు పొమ్మంటవ్. రేపు సాబు పిలిపిచ్చి తన్నిపిస్తె?"

ఆమె అన్నది నిజం. నా మాటకు నా గేటు దాటాక విలువ లేదు. లోపలికి పోయాను. మా ఆయన సగం గడ్డం గీసుకుని ఉన్నారు.

"మీరే వచ్చి చెప్పండి. లేకపోతే ఈ పచ్చిక కథంతా తాలూకాదారుకు నేనే ఉర్దూలో వినిపిస్తాను."

రెండో చెంప నురుగుతోనే బయటికి వచ్చి "పోండ్రి, పోండ్రి!" అన్నారు. వాళ్లు పరుగెత్తారు.

ఆ మర్నాడు వాన దిగింది, వారందాకా తెరిపి లేదు. తాలూకాదారు వరండాలో చాయ్ తాగాడు, ముంగిలి వైపు కన్నెత్తి చూడలేదు. మా ఆయన నాతో ఎనిమిది రోజులు మాట్లాడలేదు. అది నాకు శిక్ష అనుకున్నారు పాపం.

తరువాత అంగడిలో పెద్దామె కనబడితే చేను దక్కిందా అని అడిగాను. దండం పెడుతుందనే అనుకున్నాను.

"సగం దక్కింది. ముందునాడు గూడ ఇడిసిపెడితె నిండ దక్కుతుండె" అని తన దారిన పోయింది.

ఆ ముందునాడు నేనేం చేశానో నాకు బాగా గుర్తు. లోపల దిండుకు గలీబు కుడుతూ, బయట ఖుర్పీల చప్పుడు విని, పని జోరుగా సాగుతున్నదని సంతోషించాను.